జోస్యం చెప్పే సెల్‌ఫోన్

మా చిన్నతనంలో నరసరావుపేట వీధుల్లో చిలుక చీటీ తీసేది, ఎరుకల స్త్రీలు సోది చెప్పేవారు. నేడు ఆ పని సెల్‌ఫోన్ చేస్తున్నది.

మా ఆపా కూతురికి గురజాల నుంచి మంచి సంబంధం వచ్చింది. అయితే పేర్లలోని అక్షరాలు లెక్కించిన ఒక యాప్ ‘జోడీ కలవదు’ అన్నదని పెద్దలు వెనుకాడారు. “ఖాలా! ఆయన నడవడి ఎవరూ అడగరేం?” అన్నది ఆ బిడ్డ.

జోస్యుణ్ణి ఆశ్రయించి ప్రశ్నించినవారి నమాజు 40 రాత్రులు స్వీకరించబడదని దైవప్రవక్త (సల్లం) హెచ్చరించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. బాణాలతో జోస్యం చూడడాన్ని దివ్యఖుర్ఆన్ (5:90) నిషేధించింది. సాధనం మారినంతమాత్రాన ఆజ్ఞ మారదు. ఇస్తిఖారా శకునం కాదు. రెండు రకాతుల నఫిల్ నమాజు చేసి, మేలైనదాన్ని ప్రసాదించమని అల్లాహ్‌ను స్వయంగా వేడుకోవడం.

దూల్హాభాయ్‌తో ఇదే చెప్పాను: “ముందు గురజాలలో అబ్బాయి ఇరుగుపొరుగును విచారించండి, ఆపై దుఆ చేయండి. బిడ్డ బతుకును యాప్‌కు అప్పగించకండి.”