ఎదురుకాళ్లవాడు

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. మంత్రసాని ఆ రాత్రి ఎంత కష్టపడిందో అమ్మ ఇప్పటికీ చెబుతుంది. మా ఉద్దానంలో అలా పుట్టినవాడికి పుట్టుకతోనే ఒక పని రాసిపెట్టి ఉండేది: నడుం పట్టేసినవాళ్ల వీపు తొక్కడం. ఆరేళ్లు నిండేసరికి నాకా పని వచ్చిపడింది. పొద్దున్నే గుమ్మం ముందు ఎవరో ఒకరు ఒక పక్కకి ఒరిగిపోయి నిలబడేవారు. "గుంటడు లేసినాడేటమ్మా?" అని అడిగేవారు.

మాది వజ్రపుకొత్తూరు వైపు. ఆ రోజుల్లో కొబ్బరికాయలైనా పనసకాయలైనా తోటలోంచి రోడ్డెక్కాలంటే కావిడే దిక్కు. ఇసకలో బండి చక్రం కూరుకుపోతుంది. కావిడి మోసేవాడు నడవడు, చిన్నగా పరిగెడతాడు. బద్ద ఊగే లయకి అడుగు కలవాలి. కలిసినంతసేపూ బరువు తెలియదు, తప్పిందంటే మొత్తం నడుం మీదికి దిగుతుంది. ఒక గూడ నొప్పెడితే ఆగకుండానే మెడ వెనక నుంచి బద్దని రెండో గూడకి జార్చే ఒడుపు ఒకటి ఉంది. అది పట్టుబడని కుర్రాళ్లే మా గుమ్మంలోకి ఎక్కువగా వచ్చేవారు. పాతవాళ్లకి గూడ మీద కాయ కాసి ఉండేది. తాతదైతే చిన్న నిమ్మకాయంత. నేను దాన్ని నొక్కి చూసేవాణ్ణి. నొప్పి లేదని నవ్వేవాడు.

తొక్కడం చివరి పని. అసలు పనంతా మామ్మది.

ఇత్తడి గిన్నెలో కొబ్బరినూనె కాచేది. అందులో నాలుగు వెల్లుల్లి రెబ్బలు, గుప్పెడు వాము. రెబ్బలు ఎర్రబడగానే గిన్నె దించి, వేడి కాస్త తగ్గాక కర్పూరం నలిపి వేసేది. పొయ్యి మీద ఉండగా వేస్తే కర్పూరం గాల్లో కలిసిపోతుందని చెప్పేది. వచ్చినవాణ్ణి చాప మీద బోర్లా పడుకోబెట్టి, నూనె ముందు తన అరచేతులకి రాసుకుని, రెండు చేతులూ రుద్దుకునేది. చల్లటి చెయ్యి తగిలితే కండ ఇంకా బిగుసుకుంటుంది.

"ఎక్కడ నొప్పెడతందో నువ్వు సెప్పకు బావూ, నా సెయ్యే సెప్తాది."

చెప్పేది కూడా. ముందు అరచేతులు రెండూ పరిచి, నడుం నుంచి గూడల దాకా నెమ్మదిగా నాలుగైదు సార్లు దూసేది. అది వెతకడం. ఎక్కడో ఒకచోట చెయ్యి ఆగిపోయేది. చర్మం కింద పచ్చి రేగికాయంత ఉండ. దాని మీద బొటనవేలు ఆనించి, మెల్లమెల్లగా బరువు పెంచి, ఆపేసేది. రుద్దడం కాదు, కదపడం కాదు. ఆ వేలు అక్కడే ఉండేది. మనిషి ఊపిరి బిగబట్టేవాడు. "ఊపిరి ఒగ్గీ" అనేది మామ్మ. వదిలేవాడు. మళ్లీ బిగబట్టేవాడు. మళ్లీ "ఒగ్గీ బావూ." వదిలినప్పుడల్లా వేలు ఒక నూలుపోగంత లోపలికి దిగడం నేను పక్కనే కూర్చుని చూసేవాణ్ణి. ఆ ఉండ మెత్తబడ్డాకే పిండి మర్దించినట్టు చుట్టూ కండని పిసికేది.

ఆ తర్వాత కాపడం. మంగలంలో నౌపడా కళ్లుప్పు వేయించి, పాత చీర ముక్కలో మూటకట్టి, చెంపకి ఆనించుకుని వేడి చూసుకుని, అప్పుడు నడుం మీద పెట్టేది. ఒక్కోసారి ఉప్పు బదులు వావిలాకు. ముందు నూనె, తర్వాత వేడి. ఆయుర్వేదంలో ఈ వరసనే స్నేహనం, స్వేదనం అంటారని నేను పెద్దయ్యాక చదివాను. మామ్మకి ఆ మాటలు తెలియవు, వరస మాత్రం ఒక్కనాడూ తప్పలేదు.

అప్పుడు నన్ను పిలిచేది. దూలానికి ఉట్టి వేలాడుతుండేది. ఉట్టిలో కుండ దించి పక్కన పెట్టి, తాడు నా చేతికిచ్చేది. రెండు చేతులా తాడు పట్టుకుని, ఒక్కో పాదం వేసేవాణ్ణి. "వెన్నుపూస మీద ఎయ్యకు, పక్కన కండ మీద." తాడు మీద వేలాడినకొద్దీ నా బరువు తగ్గేది, వదిలినకొద్దీ పెరిగేది. ఇరవై కిలోలైనా లేని పిల్లాడి బరువు అంత కొలతగా దిగేది. కేరళలో కలరి సాధకులకీ కథకళి నటులకీ ఇలాగే పైనుంచి కట్టిన తాడు పట్టుకుని పాదాలతో మర్దన చేస్తారు. దాన్ని చవిట్టి ఉళిచ్చిల్ అంటారు. మొదటిసారి దాని బొమ్మ చూసినప్పుడు నాకు మా ఉట్టి తాడు, దానికంటిన మీగడ వాసన గుర్తొచ్చాయి.

తొక్కడం అయ్యాక కిందికి దిగి దణ్ణం పెట్టాలి. పెద్దవాళ్లకి కాలు తగిలింది కదా.

పలాసలో జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్లు వచ్చినప్పుడు నాకు పని ఉండేది కాదు. పొద్దస్తమానం కూర్చుని చేసే పని, వాళ్ల నొప్పి మెడకీ కుడిగూడకీ మధ్య. అక్కడ పాదం పనికిరాదు, వేలే కావాలి. జీడి నూనెకి నల్లబడిన వాళ్ల చేతులు ఒళ్లో పెట్టుకుని, ఒక్కో వేలూ లాగి వదిలేది మామ్మ. ఎముక విరిగిందని అనుమానమొస్తే, కాళ్లు తిమ్మిరెక్కాయంటే, జ్వరంతో నడుం నొప్పంటే మాత్రం ముట్టుకునేది కాదు. "ఇది నా పని కాదు, టెక్కలి ఆస్పత్రికి తీసుకెల్లండి" అనేది. ఆమె చేతిమీద నాకున్న గౌరవంలో సగం, ఆ చెయ్యి వెనక్కి తీసుకోవడం తెలిసినందుకే.

ఎదురుకాళ్లకీ నడుం పట్టుకీ సంబంధం ఉందని నేనిప్పుడు నమ్మను. చాలా నడుం పట్లు నాలుగు రోజులాగితే వాటంతటవే సర్దుకుంటాయి. కానీ ఆ నాలుగు రోజులూ మనిషి ఒంటరిగా మూలగకుండా చూసిన చేతుల్ని మాత్రం నమ్ముతాను.

తోటల్లోకి ఆటోలొచ్చి కావిళ్లు పోయాయి. ఎదురుకాళ్లవాళ్లూ పోయారు. అందరూ ఆస్పత్రుల్లోనే పుడుతున్నారు, బిడ్డ ఎదురు తిరిగితే ఆపరేషన్. తల్లీబిడ్డా క్షేమం, అంతకంటే కావలసిందేముంది. ఏ పిల్లాడి కాళ్లు ముందున్నాయో తర్వాత ఎవరికీ గుర్తుండదు, అంతే. నొప్పికి కిళ్లీకొట్లోనే బిళ్ల దొరికింది. బిళ్ల వేసుకుని మర్నాడు పనికి వెళ్లిపోవచ్చు.

ఉద్దానంలో ఆ బిళ్లే భయపెడుతుంది. కారణం ఇదీ అని తేలని కిడ్నీ జబ్బు మా ఊళ్లని ఏళ్ల తరబడి తినేస్తోంది. చదువురాని ముసలివాళ్లు కూడా తమ క్రియాటినిన్ ఎంతో చెబుతారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి మొదలయ్యాయి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి డాక్టర్లు గట్టిగా చెప్పే మాటల్లో ఒకటి, నొప్పి బిళ్లలు ముట్టొద్దని. మరి నొప్పో?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా తోటల్ని పడగొట్టాక, చిన్నాన్న కూలిన కొబ్బరి మొద్దులు లాగి లాగి నడుం పోగొట్టుకున్నాడు. చాలాకాలం బిళ్లలు మింగాడు. తర్వాత క్రియాటినిన్ పెరిగిందన్నారు. బిళ్లల వల్లే అని నేననను, ఎవరూ అనలేరు. ఇప్పుడవి మానేశాడు. నొప్పి మానలేదు.

మొన్న వేసవిలో వెళ్తే, అరుగు మీద బోర్లా పడుకుని, "ఒరే, ఓసారి కాలెయ్యరా" అన్నాడు. పెంకుటిల్లు లేదు, దూలం లేదు, ఉట్టి లేదు. నా బరువు డెబ్బై ఎనిమిది కిలోలు. నూనె కాచి, చేతులు రుద్దుకుని, వీపంతా దూశాను. తర్వాత అరుగు కింద పీట మీద కూర్చుని, కుడిపాదం ఎత్తి ఆయన నడుం పక్కన ఆనించాను. ఎముక ఎక్కడుందో, కండ ఎక్కడుందో పాదానికే తెలిసింది. మడమ కింద గట్టిగా ఏదో తగిలింది. ఆయన ఊపిరి బిగబట్టాడు.

"ఊపిరి ఒగ్గీ చిన్నాన్నా."

వదిలాడు. పాదం కదపలేదు. సముద్రం వైపు నుంచి గాలి తిరిగేదాకా అలాగే ఉంచాను. తీసి, లేచి దణ్ణం పెట్టాను. అప్పటికే ఆయన నిద్రపోయాడు.