మా సైకిలు యాత్రయు, ఒక తేనెటీగయు

కాశీ రామేశ్వరములకు పోయి వచ్చినవారు తమ యాత్రావిశేషములను వ్రాయుచుండగా, హిందూపురమునుండి ధర్మవరమునకు సైకిళ్లమీద బయలుదేరిన మేము వ్రాయదగినదేమున్నదని సోదరీమణులు నవ్వుకొందురేమో. దారి యంతయు కలిపి సుమారు 80 కిలోమీటర్లు. అందును మేము సైకిలుపై పోయినది సగమే. తక్కిన సగమేల పోలేకపోతిమో చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా వారు హిందూపురమునకు సమీపముననున్న యొక పల్లెలో ఉపాధ్యాయులు. దినమునకు పోను రాను 18 కిలోమీటర్లు సైకిలుమీదనే తిరుగుదురు. మేమును ముప్పదియేండ్లు దాటిన పిమ్మట, వీధిపిల్లలు చప్పట్లు కొట్టి నవ్వుచుండగా, రెండుమార్లు మోకాళ్లు పగులగొట్టుకొని సైకిలు తొక్కుట నేర్చితిమి. ధర్మవరములో మా ఆడబిడ్డ కుమార్తె పెండ్లిచీర మగ్గముమీద నున్నదని కబురు రాగా, దసరా సెలవులలో పోయి చూచి రాదలచితిమి. బస్సు కలదు, రైలు కలదు. ఐనను ఇద్దఱికిని సైకిలుమీదనే మనసు పోయెను.

తెల్లవాఱక మునుపే బయలుదేరితిమి. చింతపండు, ఎండుమిరప, బెల్లము బేరములతో పగలంతయు క్రిక్కిఱిసియుండు బజారు అప్పుడు నిద్రలోనుండెను. పట్టుగూళ్ల గోనెలతో పల్లెలనుండి వచ్చు రైతులు మాత్రము మాకెదురైరి. ఊరు దాటినంతనే మల్బరీ తోటలు, వేరుసెనగ చేలు, వానకు పచ్చబడిన గుట్టలు. ఆ చల్లగాలిలో పోవుచుండగా, ఇంటిపని యను మాటయే మఱచితిమి.

ఆ సుఖము చాలసేపు నిలువలేదు. సైకిలెక్కువారికి పులులు, దొంగలు శత్రువులు కారు. ఆవగింజంత పురుగు కంటిలో పడిన చాలును, దారియే కానరాదు. దానిని నలుపరాదు, నలిపినకొలది కనుగ్రుడ్డు గీచుకొనును. సైకిలు దిగి మంచినీటితో కన్ను కడిగికొనవలెను. చీర కుచ్చెళ్లు చైనులో చిక్కుకొనుట మఱియొక బాధ. కుచ్చెళ్లను ఎడమప్రక్కకు దోపి, మడమపైన ఒక నాడాతో కట్టుకొనుటయే దానికి మేము కనిపెట్టిన ఉపాయము. ఊరూరి పొలిమేర కుక్కలు సరేసరి. పాఱిపోయిన తఱుమును, దిగి నిలుచుండి సైకిలును అడ్డము పెట్టుకొన్న మొఱిగి మొఱిగి పోవును.

సోమందేపల్లి చేరువలో మా వెనుకచక్రము గాలి పోయెను. చూడగా పల్లేరుకాయ. ఆ కాయ ఎట్లు పడినను ఒక ముల్లు పైకే నిలుచును. ఆయుర్వేదమున గోక్షురమని పేరుగాంచి దశమూలములలో చేరిన ఆ పల్లేరే సైకిలువారిపాలిటికి శత్రువు. అమెరికాఖండమునుండి వచ్చి మన సీమలో చెఱువుగట్లనెల్ల ఆక్రమించిన కంపచెట్టు దీనికి తోడు. పంచరు వేయు వృద్ధుడు ట్యూబును నీళ్లగంగాళములో ముంచి, బుడగలు వచ్చుచోటు గుర్తించి, గీచి, సొల్యూషను పూసి, ప్యాచీ అంటించెను. పిమ్మట వెంటనే బిగింపక, టైరు లోపలిభాగమంతయు వ్రేళ్లతో తడిమి చూచెను. "ముల్లు లోపలుంటే అతుకేసి ఏం లాభమమ్మా?" అనెను. ఆ మాట విలువ మాకు మఱి రెండుగంటలకు గాని తెలియలేదు.

పెనుకొండ కనబడగానే అలసట తీఱినట్లయ్యెను. 1565లో రాక్షసతంగడి యుద్ధమున విజయనగరము కూలిన పిమ్మట తిరుమలరాయలు రాచరికమును ఈ ఘనగిరికి మార్చెను. కొండ చుట్టును కోటగోడలు, క్రింద గగనమహలు, రామాలయ శివాలయములు, జైనుల పార్శ్వనాథాలయము, నానామతములవారు మ్రొక్కుకొను బాబయ్య దర్గా, అన్నియు ఒక్క ఊరిలోనే. శిథిలమైన కమానొకదాని క్రింద నీడకు కూర్చుండి పులిహోర మూట విప్పితిమి. తలయెత్తి చూడగా, ఎత్తయిన చూరున చేటంత తేనెపట్టు నల్లగా వ్రేలాడుచుండెను. పెద్ద తేనెటీగలు ఇట్టి ఉన్నతస్థలములనే కోరును. కొండచఱియలు, గోపురములు, నీళ్లట్యాంకులు వానికి ప్రీతి.

శాకుంతల నాటకమున తుమ్మెద తఱుమగా శకుంతల భయపడుటయు, దుష్యంతుడు ఆదుకొన వచ్చుటయు చిన్ననాడు మా తండ్రిగారియొద్ద చదివి ముఱిసిపోయితిమి. ఇచ్చట నాటకము తలక్రిందయ్యెను. ఈగ కుట్టినది దుష్యంతునే. మా వారు మెడపై చేయి వేసికొని, "ఏమియు లేదు, ఒక్క యీగ" యని భోజనము సాగించిరి. మేమును నమ్మితిమి.

పది నిమిషములైనను కాలేదు. దాపున సీతాఫలములమ్ముచున్న యొక యామె మావైపు చూచి, "అమ్మా, సారు మొగం చూడు, ఎట్ల ఉబ్బిందో!" యని కేకవేసెను. చూతుము గదా, పెదవులు వాచినవి, చేతులనిండ దద్దురులు, మాట బొంగురు. లేవబోయి తూలిరి. ఆమెయే ఆటో పిలిచి, మా సైకిళ్లకు తాను కావలియుండెదనని చెప్పి మమ్ము ఆసుపత్రికి పంపెను. అచ్చటి వైద్యురాలు మాటలాడకయే తొడకండరములో అడ్రినలిను సూది వేసెను. కొలది నిమిషములలో ఊపిరి కుదుటబడెను. ఆ కొలది నిమిషములు మాకెట్లు గడచినవో వ్రాయజాలము.

ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "ఇంతకుముందెప్పుడైన నిట్లయినదా?" అని. మా వారు మావైపు చూడకయే, "పోయిన సంవత్సరము బడిదారిలో ఒక యీగ కుట్టగా ఒళ్లంత దద్దురులు లేచి, కొంత ఆయాసము కలిగినది. చెట్టుక్రింద గంటసేపు కూర్చుండి ఇంటికి పోయితిని" అనిరి. ఒక సంవత్సరము మాతో ఆ మాట చెప్పలేదు! కర్ణుని కథ మాకు జ్ఞప్తికి వచ్చెను. గురువునకు నిద్రాభంగమగునని పురుగు తొడను తొలుచుచున్నను కదలక ఓర్చుకొనెను. ఆ యోర్పే పరశురాముని శాపమునకు కారణమయ్యెను. బాధ నోర్చుట గుణమే, దాచుట గుణము కాదు.

ఈ విపరీతమును గూర్చి వైద్యురాలు చెప్పినదియు, పిమ్మట మేము చదివి తెలిసికొన్నదియు ఇది. 1902లో ఫ్రాన్సు దేశపు పండితులు రిషే, పోర్టియే అనువారు ఒక సముద్రజీవి విషమును కుక్కలకెక్కించి పరీక్షించుచుండగా, మొదట తాళుకొన్న కుక్క కొన్ని వారములకు మఱల స్వల్పమాత్ర నెక్కించినంతనే మరణించెను. శరీరము విషమును గుర్తుంచుకొని, రెండవమాఱు మితిమీఱి ఎదిరించుటచే కలుగు కీడని తేలినది. రిషేకు 1913లో నోబెలు బహుమానము వచ్చెను. ఒకమాఱు కుట్టినప్పుడు బ్రదికితిమి గదాయని ధైర్యపడుట ఇందువలననే తగదు.

తేనెటీగ ముల్లునకు గాలపు కొక్కెములవంటివుండును. కుట్టిన పిమ్మట అది విషపుతిత్తితోగూడ చర్మములోనే నిలిచి, విషమును క్రక్కుచునేయుండును. గోటితోనైనను, వ్రేళ్లతోనైనను తక్షణము దానిని తీసివేయవలెను. తీయు విధముకన్న తీయు వేగము ముఖ్యము. కందిరీగ ముల్లు నునుపైనది గనుక లోపల నిలువదు, కాని అది పలుమార్లు కుట్టగలదు. కుట్టినచోట సబ్బుతో కడిగి చల్లని గుడ్డ వేయవలెను. మన యిండ్లలో వాడుక సున్నము విషమున్న లోతునకు చేరదు సరిగదా, చర్మమును కాల్చును. కుట్టినచోట మాత్రము వాచినచో భయములేదు. ఒళ్లంత దద్దురులు, పెదవుల వాపు, ఆయాసము, వాంతి, కన్నులు తిరుగుట, వీనిలో ఏది కనబడినను మాత్రలతో కాలము పుచ్చక ఆసుపత్రికి చేర్చవలెను. 108కు కబురు చేయవలెను. అంతవఱకు రోగిని పరుండబెట్టి కాళ్లు ఎత్తుగా నుంచవలెను. ఆయాసమున్నచో కూర్చుండనీయవచ్చును, నడిపింపరాదు. ఊపిరి కుదుటబడినను వెంటనే ఇంటికి రాగూడదు. కొన్ని గంటలకు మఱల తిరుగబెట్టవచ్చును. ఈగలు గుంపుగా పైబడినచో చేతులు విసరక, మొగము కప్పుకొని, తలుపులున్న యింటిలోనికి పరుగెత్తవలెను. ఒక యీగ కుట్టినచోట పుట్టు అరటిపండువంటి వాసన తక్కినవానిని పిలుచును.

ఆ రాత్రి ఆసుపత్రిలోనే గడపితిమి. ఉదయమున సీతాఫలములామె సైకిళ్లను తన యింట కట్టివేసి యుంచినదని తెలిసి, ఆమెకు పసుపుకుంకుమలతో రవికెగుడ్డ ఇచ్చి, బస్సులో ధర్మవరము చేరితిమి.

వీధి మొదలునుండియే మగ్గముల చప్పుడు. గుంటలో కాళ్లుంచి కూర్చున్న నేతగాడు వెడల్పయిన జరీఅంచును ఒక్కొక్క పోగుగా కూర్చుచుండెను. మా మేనకోడలి చీర మామిడిచిగురు రంగు. దానిని చూచుచు మేమాలోచించితిమి. ఒక పట్టుచీరకు కొన్ని వేల గూళ్లు కావలెను. దారము తీయుటకు ఆ గూళ్లను లోని పురుగుతోగూడ ఉడుకబెట్టుదురు. హిందూపురము సంతలో గూళ్లు, ధర్మవరము మగ్గముపై చీరలు. మా దారి యంతయు పురుగు బ్రదుకుమీద నిలిచిన దారియే. ఒక యీగ మమ్ము కుట్టినందుకు ఆ జాతినెల్ల తిట్టు హక్కు, పట్టుచీర కట్టు మాకు లేదనిపించెను.

మా ఆడబిడ్డ జరిగినది విని కన్నీరు పెట్టుకొని, "తమ్ముడా, ఆ సైకిలు అమ్మివేయి" అనెను. "బస్సుకిటికీలోనుండి ఈగ రాదా, అక్కా?" అని మా వారనిరి. మేమెవరి పక్షము వహింపలేదు. సైకిలును ద్వేషించుట సులభము. కాని మా తగవు సైకిలుతో కాదు, దాచిన మాటతో. టైరులో విఱిగిన ముల్లువలె సంవత్సరము దాగినది ఆ మాటయే.

ఇప్పుడును మా వారు సైకిలుమీదనే బడికి పోవుచున్నారు. అలర్జీవైద్యుని చూచి, ఆయన వ్రాసియిచ్చిన అడ్రినలిను సంచిలో నుంచుకొని, దానిని వాడుట మేమిద్దఱమును నేర్చితిమి. మెడకు తువాలు చుట్టుకొందురు. తేనెటీగ కుట్టిన తనకేమగునో, ఏమి చేయవలెనో కాగితముపై వ్రాసి చొక్కాజేబులో నుంచుకొందురు. బడిలోని తోడి ఉపాధ్యాయులకును, పెద్దపిల్లలకును ఆ సంగతి చెప్పియున్నారు. ఐనను సాయంకాలము పది నిమిషములు జాగైన మాకు గడపలో కాలు నిలువదు. ఈ భయము పోవునని మేమనుకొనము.

సోదరీమణులారా, మీ యింటి మగవారిని, సైకిలుపై బడికి పోవు మీ ఆడపిల్లలను ఒకమాఱు అడుగుడు. ఎప్పుడైన ఏదైన కుట్టినప్పుడు ఒళ్లంత దద్దురులు లేచినవా, ఊపిరి బిగిసినదా యని. కోపముతో అడిగిన చెప్పరు. అన్నము వడ్డించుచు మెల్లగా అడుగుడు.

మా యింటిలో ఇప్పుడొక క్రొత్త ఆచారమేర్పడినది. మా వారు సైకిలును అరుగునకానించి, కాళ్లు కడుగుకొనకమునుపే, "నేడేదియు కుట్టలేదు" అని చెప్పుదురు. అప్పుడు గాని మేము కాఫీకి పొయ్యి వెలిగింపము.