వాషింగ్టన్‌లో మన కొల్లూరు వజ్రం

వాషింగ్టన్ వెళ్ళిన మనవాళ్ళు చాలామంది వైట్‌హౌస్ ముందు ఫోటో దిగి, స్పేస్ మ్యూజియం చూసి వెనక్కి వచ్చేస్తుంటారు. ఈసారి స్మిత్‌సోనియన్ వారి నేచురల్ హిస్టరీ మ్యూజియం రెండో అంతస్తుకి కూడా ఎక్కండి. టికెట్ అక్కర్లేదు. అద్దాల పెట్టెలో 45.52 కేరట్ల నీలి వజ్రం కనిపిస్తుంది. అదే హోప్ డైమండ్. నగల వ్యాపారి హ్యారీ విన్‌స్టన్ 1958లో దాన్ని మ్యూజియానికి ఇచ్చేశాడు.

దాని పుట్టిల్లు మన కృష్ణ ఒడ్డునున్న కొల్లూరు అని నిపుణుల నమ్మకం. అప్పట్లో ఆ గనులు గోల్కొండ కుతుబ్‌షాహీలవి. అక్కడ దాదాపు 60,000 మంది, ఆడా మగా పిల్లా జెల్లా, పనిచేసేవారని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ రాశాడు. ఆయనే ఈ రాయిని 1668లో పద్నాలుగో లూయీకి అమ్మాడు.

"ఆ సుల్తానులు మనవాళ్ళా, పరాయివాళ్ళా నాన్నా?" అని మా అమ్మాయి అడిగింది. వంశానికి మూలపురుషుడు పర్షియా నుంచి వచ్చినవాడే. కానీ ఇబ్రహీం కుతుబ్‌షా విజయనగరంలో రామరాయల ఆశ్రయంలో ఏడేళ్ళు గడిపి, తెలుగు మీద మక్కువ పెంచుకున్నాడు. అద్దంకి గంగాధరకవి తన కావ్యాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. తెలుగు కవులకు ఆయన మల్కిభరాముడు. అదే ఇబ్రహీం 1565లో రామరాయల మీదికి యుద్ధానికీ వెళ్ళాడు. రెండూ నిజమే. పిల్లలకు రెండూ చెబుదాం.

కొల్లూరు గనులున్న చోటు ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు ముంపులో ఉంది. ఆ 60,000 మంది చెమటకు గుర్తుగా మన పిల్లలకు చూపించడానికి ఇక్కడ ఈ రాయి ఉంది.