ఒక్క సూదేసి పంపియ్యి సారూ

నోటి క్యాన్సర్ దవడ ఎముక దాకా పాకిన ఆటో డ్రైవరు అన్న మాట అది. "గీ నొప్పి నాతోని కాదు సారూ, ఒక్క సూదేసి పంపియ్యి." హైదరాబాద్‌లో పాలియేటివ్ కేర్, అంటే నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే వైద్యం, చూసే ఒక డాక్టరుకు ఈ మాట కొత్త కాదు. కారుణ్య మరణం తప్పా ఒప్పా అన్న చర్చలోకి ఆయన దిగలేదు. మార్ఫిన్ మాత్రలు రాశారు. నాలుగు గంటలకొకటి, పడుకునే ముందు రెట్టింపు డోసు, మలబద్ధకం రాకుండా ఇంకో మందు. కొన్నాళ్లకు నొప్పి మొత్తం పోలేదు గానీ, ఆటో కిస్తీలు ఇంకెన్ని మిగిలాయని రోగి తన భార్యను అడగడం మొదలుపెట్టాడు. సూది మాట మళ్లీ ఎత్తలేదు.

చంపమని అడిగేవాళ్లలో చాలామంది ఇలాంటివాళ్లేనని ఆయన అనుభవం. మార్ఫిన్‌కు మూలమైన నల్లమందు సాగు ప్రభుత్వ అనుమతితోనే జరిగే దేశం మనది. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తర్వాత లైసెన్సుల గొడవకు జడిసి ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. 2014 సవరణ ఆ చిక్కును చాలావరకు విప్పింది. చట్టం మారినంత త్వరగా మందుల అల్మరాలు నిండలేదు.

నెదర్లాండ్స్, బెల్జియం దేశాల్లో 2002 నుంచి డాక్టరే మందిచ్చి ప్రాణం తీయడానికి చట్టం ఒప్పుకుంటుంది. మనకూ అది కావాలని వాదించే తోటి వైద్యులతో ఆయనకు పేచీ ఉంది. పొలం అమ్మి ఐసీయూ బిల్లు కట్టే ఇంట్లో తండ్రి "నన్ను పోనివ్వండి" అంటే, అందులో ఆయన కోరిక ఎంత, కొడుకు చేసిన అప్పు ఎంత?

మన సుప్రీంకోర్టు గీత వేరే చోట గీసింది. ముంబై కేఈఎం ఆసుపత్రిలో 1973లో దాడికి గురై స్పృహ కోల్పోయిన నర్సు అరుణా శాన్‌బాగ్ కేసులో, ఆహారం ఆపేందుకు 2011లో ఒప్పుకోలేదు. కానీ కోలుకునే ఆశ లేనివారికి, నిబంధనలకు లోబడి, చికిత్స ఆపవచ్చని ఆ తీర్పే దారి తెరిచింది. ఆమె 2015 దాకా బతికింది. 2018 తీర్పు లివింగ్ విల్‌ను, అంటే ప్రాణం నిలిపే చికిత్స వద్దని ముందే రాసిపెట్టే పత్రాన్ని, గుర్తించింది. 2023లో ఆ పత్రానికి మేజిస్ట్రేటు సంతకం అక్కర్లేదు, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ చాలని కోర్టు చెప్పింది. వెంటిలేటర్ తీయాలంటే మాత్రం రెండు వైద్య బోర్డులు ఒప్పుకోవాలి.

ఆచరణలో బోర్డు దాకా వెళ్లేదెవరు? అందరికీ తెలిసిన దారి "లామా", అంటే డాక్టరు సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నామని సంతకం. డబ్బులైపోయాక అంబులెన్సులో ఊపిరి అందించే అంబూ బ్యాగు నొక్కుతూ ఊరికి తీసుకెళ్తారు, ఇంటి వసారాలో గొట్టం తీస్తారు. చేతిలో ఒక్క మార్ఫిన్ మాత్ర ఉండదు, ఆయాసం తగ్గించేవాడుండడు. ఆ సంతకంతో ఆసుపత్రికి బాధ్యత తీరిపోతుంది. చర్చంతా సూది చుట్టూ తిరగడం, దీన్ని ఎవరూ పట్టించుకోకపోవడం ఆయనకు ఒళ్లు మండించే విషయం.

అయితే నొప్పి తగ్గిస్తే సరిపోతుందన్న ఆయన వాదనకు లొంగని కేసులున్నాయి. హైదరాబాద్ చదరంగం ఆటగాడు వెంకటేష్‌ది అలాంటిదే. డుషేన్ కండరాల క్షీణతతో మంచం పట్టిన ఆ పాతికేళ్ల కుర్రాడు, అవయవాలు పనికొచ్చేలా ఉండగానే దానం చేసి వెళ్తానన్నాడు. తల్లి సుజాత 2004లో హైకోర్టుకెక్కారు. బ్రెయిన్ డెడ్ కానివాడి అవయవాలు తీయడానికి చట్టం ఒప్పుకోదని కోర్టు కాదంది. ఆ ఏడాది డిసెంబరులోనే వెంకటేష్ చనిపోయాడు. చట్టం ప్రకారం కోర్టు చెప్పింది సరైనదేనంటారు డాక్టరు. ఆ కుర్రాడి వాదనకు మాత్రం ఆయన దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు చూస్తున్న రిటైర్డు లెక్కల మాస్టారిదీ అదే తీరు. మోటార్ న్యూరాన్ జబ్బు. నొప్పి లేదు, అప్పు లేదు, బుర్ర చురుగ్గా ఉంది. లివింగ్ విల్ రాయించుకోవడానికి వెళ్తే నోటరీ మొదట అడిగింది "ఆస్తి ఎవరికండీ?" అని. వెంటిలేటర్ వద్దని ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేశారాయన. చికాకంతా పొట్టలోకి వేసే ఆహారం గొట్టం దగ్గర వచ్చింది. "తిండి పెట్టకుండా ఎలా ఉంటాం సార్?" అంటాడు కొడుకు. మాస్టారు అక్షరాల పలక మీద చూపు ఆపి ఆపి, "నా తిండి, నా లెక్క" అన్నారు. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడటానికి డాక్టరు వచ్చే మంగళవారం రమ్మన్నారు.