సోమవారం గోలీ

చేతులు చూడకముందే ఆమె ముఖం చూసి నాకు సంగతి అర్థమైంది. చందనవెల్లి నుంచి చేవెళ్లకు వచ్చింది, చామంతి తోటలో పని. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి, చేతులూ కాళ్లూ సన్నబడ్డాయి, తగిలినచోటల్లా చర్మం కమిలి నల్లబడింది. "ఒళ్లు చేసినవ్ అంటున్రు సారు. పానంల బలం లేదు" అంది.

రెండేళ్ల క్రితం పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి గంటదాకా చెంబు పట్టుకోలేకపోయేది. కీళ్లవాతం. పూలు మాత్రం తెల్లారకముందే తెంపాలి. ఎవరో సూది వేస్తే సాయంత్రానికే నొప్పి పోయింది. ఆ తర్వాత పొట్లంలో చిన్న గోలీలు, రోజూ. పేరు లేని ఆ గోలీలు స్టెరాయిడ్‌వే.

మందును తిట్టను. 1948లో అమెరికాలో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే, కీళ్లవాతంతో మంచంలో కదల్లేని రోగి కొద్దిరోజుల్లోనే లేచి నడిచింది. 1950లో ఆయనకు నోబెల్ వచ్చింది. కానీ బయటినుంచి రోజూ వచ్చిపడుతుంటే మన అడ్రినల్ గ్రంథులు తమ పని మానుకుంటాయి. అప్పుడు ఒక్కసారిగా ఆపినా ప్రాణం మీదికొస్తుంది. ఆమెకు షుగర్ కూడా వచ్చేసింది. నొప్పి తెలియని ఆ రెండేళ్లూ వాతం కీళ్లను తింటూనే ఉంది.

"ఒక్క సుయ్యి ఇయ్యి సారు, రేపు పూలు తెంపాలె."

ఇవ్వనన్నాను. ఏడుస్తున్న మనిషితో ఆ మాట అనడం కష్టం. సూది రాయడానికి అరనిమిషం చాలు, ఎందుకు వద్దో చెప్పడానికి ఇరవై నిమిషాలు కావాలి, బయటేమో జనం. ప్రాక్టీసు కొత్తలో నేనూ ఆ అరనిమిషం దారి తొక్కాను. సూది వేయించుకున్నవాళ్లలో తిరిగి రానివాళ్లు బాగయ్యారనే అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోలేను.

మెథోట్రెక్సేట్ రాశాను, మర్నాటికి ఫోలిక్ యాసిడ్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన ఏళ్ల తరబడి శ్రమలోంచి వచ్చినవే ఈ రెండూ. 1948లో ఆయన పోయారు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేందుకు అమెరికా అనుమతి ఇచ్చింది 1988లో. ఈ మందుకు తొందర లేదు. గుణం కనబడడానికి ఆరు వారాలు, ఒక్కోసారి మూడు నెలలు పడుతుంది. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, రోజూ మింగితే ప్రాణాపాయం. అందుకే చీటీ మీద "సోమవారం" అని పెద్దగా రాసి, ఆమె కొడుకు చేత మూడుసార్లు చదివించాను. రక్తపరీక్షలు మానొద్దన్నాను. పాత గోలీలను కొద్దికొద్దిగా నెలల మీద తగ్గించాను.

మొదటి నెల ఆమె నామీద కోపంగానే ఉంది. రెండో నెల రాలేదు. మేమే ఫోన్ చేయించాం. నాలుగో నెలలో వచ్చి, నా ఎదుటే చీర కొంగు ముడి విప్పి డబ్బులు లెక్కపెట్టింది. ఆ ముడి విప్పిన వేళ్లనే చూస్తూ ఉండిపోయాను. కుడి మణికట్టు మాత్రం వంకరగానే ఉంది, అది ఇక బాగవదు.

మొన్న మళ్లీ వచ్చింది. వెంట పక్కింటామె, ముఖం గుండ్రంగా ఉబ్బి ఉంది.

"ఈమెకు గూడ సోమారం గోలీ సంగతి చెప్పు సారు. నిమ్మలంగ చెప్పు, నేను బయట కూసుంట."