బండి మీద నిలబడి పోవచ్చునా?

మన పక్క ఊళ్ళల్లో టీవీఎస్ ఎక్సెల్ లేని ఇల్లు తక్కువ. ముందర చదునుగా ఉండే జాగాలో పొద్దున పాల క్యాను, మధ్యాహ్నం పశువులకి పచ్చిమేత, బడి టైముకి పిల్లోడు. పిల్లోడు అక్కడ కూర్చోడు, నిలబడతాడు. హ్యాండిలు మధ్యలో పట్టుకుని, గాలికి నోరు తెరుచుకుని. గురుపూర్ణిమకి కైవారం తాతయ్య మఠానికి వచ్చే బండ్లు చూడండి, ముందర ఒకడు నిలబడి, వెనక ఇద్దరు కూర్చుని, ఎంత బండికి ఎంత సంసారం! బెంగళూరు అపార్ట్‌మెంట్లల్లో, అమెరికాలో ఉండే మన చుట్టాలు ఇది చదివి నవ్వుకుంటారేమో గానీ, మీలో చానామంది అట్లా నిలబడి పెరిగినవాళ్ళే.

మా ఇంట్లో ఇప్పుడు దీని మీదే జగడం. అక్క కొడుకుకి అయిదేళ్ళు. తాత వాణ్ణి ముందర నిలబెట్టుకుని చెరువు కట్ట మీద బడికి తీసుకుపోతాడు. "మీ నాయన్ని, మిమ్మల్ని అందర్నీ ఇట్లే తీసుకుపోయినా, ఒక్కరన్నా పడినారా?" అంటాడు. మా ఉద్యోగం సాఫ్టువేరు టెస్టింగు. వెయ్యిసార్లు నడిచిన ప్రోగ్రాము ఇంకోసారి కూడా నడుస్తుందని మేము సంతకం పెట్టం. ఆ మాటే చెప్తే "అది కంప్యూటరు, ఇది బండి" అనేసినాడు. సరేలే అని చట్టమే తీసి చదివినాం.

1988 మోటారు వాహనాల చట్టంలో 128వ సెక్షను. రెండు చక్రాల బండి మీద నడిపేవాళ్ళు కాక ఇంకొక్కరే ఉండాల. ఆ ఒక్కరు కూడా నడిపేవాళ్ళ వెనక, గట్టిగా బిగించిన సీటు మీద కూర్చునే పోవాల. కన్నడ మీడియంలో చదివినవాళ్ళం గాబట్టి మాకు ముందు తట్టే మాట 'హింబది సవార'. ఇంట్లో మాత్రం 'వెనక కూర్చునేవాళ్ళు' అంటాం. చూడబోతే మన ఇంటి మాటలోనే చట్టమంతా ఉంది: వెనక, కూర్చునేవాళ్ళు. ముందర నిలబడిన పిల్లోడు రెండిటికీ కుదరడు. 2019 సవరణ తరువాత దీనికి 1000 రూపాయల జుల్మానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. నాలుగేళ్ళు దాటినవాళ్ళకి హెల్మెట్టు తప్పదు. అంతకన్నా చిన్నపిల్లలకి 2022లో వేరే రూలు తెచ్చినారు: పిల్లని నడిపేవాళ్ళ ఒంటికి కట్టే బెల్టు, చిన్న హెల్మెట్టు, బండి గంటకి 40 కిలోమీటర్లు దాటకూడదు.

మరి నడిపేవాళ్ళే లేచి నిలబడితే? 128లో ఆ మాట లేదు. అట్లని రోడ్డు మీద ఆటలాడొచ్చునని కాదు, ప్రమాదకరంగా నడిపితే 184వ సెక్షను ఉంది. మొదటిసారికే 1000 నుంచి 5000 దాకా జుల్మానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, రెండూ కూడా పడొచ్చు. 2025లో వీలీ కేసులో ఒకాయనకి బెయిలు ఇయ్యకుండా, ఇట్లాంటి స్టంట్లకి ఇప్పుడుండే చట్టం చాలదని కర్ణాటక హైకోర్టే చెప్పింది.

కానీ నిలబడేదంతా ఆట కాదు. తోటల్లోకి పోయే మట్టి దారిలో, గుంతల్లో, బైకు నడిపేవాళ్ళు ఫుట్‌రెస్టుల మీద కొంచెం లేచేది మంచిదే. మోకాళ్ళు వంచితే అవే స్ప్రింగులు. బండి కింద ఎగిరినా మనిషి ఎగరడు, నడుము బతుకుతుంది. బరువు కిందికి దిగుతుందని కొందరు చెప్తారు, అది సరికాదు. మనిషి పైకి లేస్తే బరువు పైకే పోతుంది. లాభం ఏమంటే బండి అటు ఇటు ఊగినా మన ఒళ్ళు దాంతోపాటు ఊగదు. హిమాలయన్ లాంటి బండ్లల్లో హ్యాండిలు ఎత్తుగా పెట్టింది ఇందుకే. మామూలు బైకు మీద నిలబడితే నడుము వంగిపోతుంది, వెనక బ్రేకు కాలికి సరిగా అందదు. ఎక్సెల్, స్కూటర్ల మీదైతే మోకాళ్ళతో అదిమి పట్టుకునేదానికి ట్యాంకే ఉండదు. అందుకని ఇది మెల్లగా పోయే మట్టి దారికి సరే, హైవేకి కాదు.

మిలిటరీవాళ్ళ సంగతి వేరే. 2017 నవంబరులో మనకి దగ్గరే, యలహంక వైమానిక స్థావరంలో ఏఎస్‌సీ టోర్నడోస్ దళం ఒకే 500 సీసీ ఎన్‌ఫీల్డు మీద 58 మందితో 1200 మీటర్లు పోయింది. 2025 రిపబ్లిక్ డే నాడు కెప్టెన్ డింపుల్ సింగ్ భాటి నడిచే బండి మీద 12 అడుగుల నిచ్చెన ఎక్కి నిలబడి రాష్ట్రపతికి సెల్యూట్ చేసింది. టీవీలో చూసి తాత చప్పట్లు కొట్టి, మా పక్క తిరిగి "చూసినారా?" అన్నాడు. చూసినాం. అక్కడ దారి ఖాళీ చేసి పెట్టినారు, అడ్డం వచ్చే కుక్క లేదు, టమాట లారీ లేదు. వాళ్ళు ఏండ్ల తరబడి నేర్చుకున్నారు. మనవాడు నిన్న దారిలో నిద్రపోయినాడు, నిలబడే!

40 మీద పోతుంటే బండి సెకనుకి 11 మీటర్లు పోతుంది. తాత బ్రేకు తొక్కితే బండి ఆగుతుంది, పిల్లోడు ఆగడు. వాడి గడ్డం ఎత్తులోనే హ్యాండిలు, వెనకనుంచి తాత బరువు వాడి మీదికే. ఇంకొకటి, ఇంజను ఆపకుండా తాత అంగడి ముందర దిగినాడంటే వాడి చెయ్యి యాక్సిలరేటరు మీదే. ఈ ఒక్కటి మాత్రం తాత కాదనలేదు, కొంచేపు ఏమీ మాట్లాడలేదు.

తరువాత మెల్లగా "వెనక కూర్చుంటే వాడు నాకు కనపడడు కదా, ముందర ఉంటే చేతుల్లో ఉన్నట్టు" అన్నాడు. దానికి మా దగ్గర సెక్షను లేదు. వెనక కూర్చోబెట్టి నడుముకి బెల్టు కట్టుకుంటే వాడు కదిలేది వీపుకి తెలుస్తుందని అక్క చెప్పింది. ఆదివారం చింతామణికి పోయి పిల్లోడి తలకి సరిపోయే హెల్మెట్టు, బెల్టు తేవాల. తాత ఇంకా సరే అనలేదు. బండి తాళం ఆయన దగ్గరే ఉండాది.