మూడంగుళాల కోసం ఇస్తాంబుల్ ప్రయాణం

పులివెందుల నుంచి ఒక రైతు ఉత్తరం రాశారు. "డాక్టరు గారికి నమస్కారములు. మా చిన్నోనికి 26 ఏండ్లు. బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం. ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. మూడు సంబంధాలు ఎత్తు చూసి వెనక్కి పోయినాయి. ఇప్పుడు టర్కీ దేశం పోయి కాళ్ళు పొడుగు చేయించుకుంటానంటాడు. రెండెకరాల చీనీతోట అమ్మమంటాడు. అమ్మేదానికి నాకు బాధ లేదు. వాడు మళ్ళీ నడుస్తాడా లేదా, అది చెప్పండి."

దీనికి నాలుగు వాక్యాల్లో జవాబు రాసి పంపవచ్చు. కాని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడూ నేను సర్కారు నౌకరీలో తిరిగిన ఊళ్ళు. ఒక ఆదివారం బయలుదేరాను.

ప్రొద్దుటూరులో నాకు తెలిసిన కంసాలి ఒకాయన ఉన్నాడు. ఆ ఊరు బంగారానికి పెట్టింది పేరు. నేను వెళ్ళేసరికి ఆయన కమ్మచ్చులో బంగారు తీగె లాగుతున్నాడు. సంగతి చెప్పాను. "ఎముకను గూడా ఇట్లే లాగుతారా సార్?" అన్నాడు. లాగరు. బంగారం లాగితే సన్నబడుతుంది, ఎముకను లాగలేం. కాలి ఎముకను కోసి రెండు ముక్కలు చేస్తారు. కొద్దిరోజులు ఆగి ఆ ముక్కలను రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున ఎడం చేస్తూ పోతారు. ఆ సందులో కొత్త ఎముక పుట్టుకొస్తుంది. మూడంగుళాలంటే 76 మిల్లీమీటర్లు, అంటే 76 రోజులు. అప్పటికి అది లేత ఎముకే. గట్టిపడడానికి ఇంకా నెలలు కావాలి.

ఎముక కొత్తది పుడుతుంది సరే, దాని చుట్టూ ఉన్న కండరాలు, నరాలు, రక్తనాళాలు మాత్రం నిజంగా సాగవలసిందే. "తొందరపడి లాగితే తీగె తెగుతాది సార్" అన్నాడాయన. నేను చెప్పవలసిన మాట ఆయనే చెప్పాడు. తొందరపెడితే నరం దెబ్బతింటుంది, కొత్త ఎముక పుట్టదు. మరీ మెల్లగా జరిపితే ముందే అతుక్కుని కూర్చుంటుంది.

అక్కడి నుంచి జమ్మలమడుగు. దారి పక్కన నల్లరేగడిలో శనగ చేలు, లారీల మీద నాపబండలు. జమ్మలమడుగు బస్టాండు దగ్గర టీ అంగడి పెట్టుకున్న మనిషి నా పాత పేషెంటు. ఏళ్ళ క్రితం బండల లారీ కింద పడి కాలు నుజ్జయింది. ఎముక కుళ్ళి, కాలు నాలుగు సెంటీమీటర్లు పొట్టిదైంది. తిరుపతిలో కాలి చుట్టూ ఇనుప చక్రాలు బిగించి, ఎముకలోకి తీగెలు గుచ్చి పొడిగించారు.

"నట్లు ఎవరు తిప్పేవారు?" అని అడిగాను.

"మా ఆడమనిషే సార్. పొద్దన, మద్దేన్నం, సాయంత్రం, పండుకునేటప్పుడు. దినానికి నాలుగుసార్లు. పావు మిల్లీమీటరంట. కంటికి గూడా కనపడదు. ఆ పావుకే రాత్రంతా నిద్ర పట్టేది కాదు."

ఎనిమిది నెలలు ఆ చక్రాలతో ఉన్నాడు. తీగెలు చర్మంలోకి దిగినచోట రోజూ కడగాలి; రెండుసార్లు చీము పట్టింది. లుంగీ తప్ప మరేదీ తొడగడానికి లేదు. పక్కకు తిరిగి పడుకోవడానికి లేదు. దొడ్లో మరుగుకు కూర్చోవడానికి లేక కుర్చీకి బెజ్జం కొట్టించారు. పిక్క బిగుసుకుపోయి పాదం కిందికి వాలకుండా భార్య రోజూ గంటసేపు పాదాన్ని పైకి నెట్టి పట్టుకునేది. "నాకంటే గతి లేక సార్. బాగుండే కాళ్ళకు ఎవరన్నా చేయించుకుంటారా?" అన్నాడు. టీకి డబ్బులు తీసుకోలేదు.

ముద్దనూరు మీదుగా పులివెందుల వెళ్ళే దారిలో దూరాన థర్మల్ పవర్ స్టేషను పొగగొట్టాలు చూస్తూ ఈ చక్రాలు కనిపెట్టినాయన గురించి ఆలోచించాను. గావ్రిల్ ఇలిజారోవ్. సైబీరియాలో కుర్గాన్ అనే మారుమూల పట్టణం డాక్టరు. రెండో ప్రపంచ యుద్ధంలో కాళ్ళు విరిగి అతకని సైనికుల కోసం 1950ల నాటికే ఈ పద్ధతి తయారు చేశాడు. పెద్ద నగరాల డాక్టర్లు చాలాకాలం ఆయన్ను లెక్కచేయలేదు. 1964లో టోక్యో ఒలింపిక్స్‌లో హైజంప్ బంగారు పతకం గెలిచిన వాలెరీ బ్రూమెల్ మరుసటి ఏడు మోటారుసైకిలు ప్రమాదంలో కాలు పోగొట్టుకునే స్థితికి వచ్చాడు. ఎన్నో ఆపరేషన్లు విఫలమయ్యాక ఇలిజారోవ్ దగ్గరికి పోయి బాగుపడ్డాడు. అప్పుడుగాని లోకానికి ఆ పేరు తెలియలేదు. విరిగిన కాలి కోసం పుట్టిన విద్య ఇది. బాగున్న కాలిని విరిచి పొడుగు చేసుకోవడం తర్వాత వచ్చిన ముచ్చట. అనర్థాలు చూసి చైనా ప్రభుత్వం 2006లో అందం కోసం చేసే ఈ ఆపరేషన్లను నిషేధించింది. 2016లో హైదరాబాదులోనే ఒక యువకుడు ఇంట్లో చెప్పకుండా చేయించుకుంటే, తల్లిదండ్రులు లబోదిబోమన్నారు. ఆ వ్యవహారం వైద్య మండలి దాకా వెళ్ళింది.

పులివెందులలో ఆ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వీధి నుంచి అరుగు మీదికి ఐదు మెట్లు, నిట్రంగా ఉన్నాయి. మరుగుదొడ్డి పెరట్లో. కుర్రవాడు సెలవు మీద వచ్చి ఉన్నాడు. చక్కటి పిల్లవాడు. ఇప్పుడు చక్రాలు లేవని, ఎముక లోపల కడ్డీ పెట్టి బయటి నుంచి అయస్కాంతంతో సాగదీస్తారని ఫోనులో వీడియోలు చూపించాడు. నిజమే. తీగెల బాధ, చీము అందులో తక్కువ. కాని ఎముక కోయడం, నరం సాగడం, కండ బిగియడం అవే. కొన్నిటి మీద పూర్తి బరువు వేసి నడవడానికి వీల్లేదు. కడ్డీ తీయడానికి మళ్ళీ ఒక ఆపరేషన్ ఉంటుంది. ఇలాంటి కడ్డీ ఒకదాన్ని 2021లో తయారుచేసినవాళ్ళే వెనక్కి తీసుకున్నారు.

"మీకేం సార్, చెప్తారు. ఫోటో పంపితే ముందు ఎత్తెంతని అడుగుతారు. జీతం గూడా తర్వాతనే" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ బాధ ఉత్తుత్తి బాధ కాదు. పొట్టితనాన్ని చూసి నవ్వే ఊరు మనదే.

అంచేత వద్దని చెప్పలేదు. అడిగాను. ఇస్తాంబుల్‌లో ఎన్నాళ్ళుంటావు? మూడు నెలలన్నాడు. ఎముక గట్టిపడేది ఆ తర్వాత కదా, అది ఈ ఇంట్లోనే కదా? ఈ మెట్లెవరు ఎక్కిస్తారు? రోజూ వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు ఎక్కడున్నాడు? వారం వారం ఎక్స్‌రే తీయించవచ్చు, సందులో ఎముక సరిగా పుడుతున్నదీ లేనిదీ చూసి చెప్పేదెవరు? అర్ధరాత్రి పిక్క వాచి ఆయాసం వస్తే? కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు పోతే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. అంతదూరం విమానంలో కదలకుండా కూర్చుని రావడం ఆ గడ్డకు ఇంకా అనుకూలం. ఆపరేషన్ చేసిన డాక్టరు ఫోనులో దొరుకుతాడు. చేతికి దొరికేది సర్కారు ఆసుపత్రి డ్యూటీ డాక్టరు. ఆయన ఆ కడ్డీని జన్మలో చూసి ఉండడు. నేనూ చూడలేదు.

కుర్రవాడు మాట్లాడలేదు. తండ్రి మాత్రం, "నేను ఎత్తుకోని ఎక్కిస్తా సార్" అన్నాడు. ఆయనకు అరవై దాటాయి.

చివరికి రెండు మాటలకు ఒప్పుకున్నాడు. ముందు ఇక్కడే, ఇలిజారోవ్ పని చేసే ఎముకల డాక్టరుకు చూపించుకోవడం. ఇక్కడ ఆయన తోడు లేకుండా విమానం ఎక్కకపోవడం. జమ్మలమడుగు టీ అంగడి గుర్తులు కూడా రాసుకున్నాడు.

లేవబోతుంటే అతని అక్కయ్య తొమ్మిదేళ్ళ కూతుర్ని ముందుకు తోసింది. "బడిలో దీనికంటే పొట్టిది లేదు సార్. ఇది గూడా మామ మాదిరే అయితే?" ఈ ప్రశ్నకు మాత్రం నాకు ధైర్యంగా జవాబుంది. మగపిల్లలకు పద్దెనిమిది, ఆడపిల్లలకు పదహారు దాటేసరికి ఎముకల చివరి ఎదుగు పొరలు దాదాపు మూసుకుపోతాయి. అంతకుముందైతే థైరాయిడ్ లోపమో, రక్తహీనతో, ఎదుగు హార్మోను తక్కువో ఉంటే కనిపెట్టవచ్చు, మందు ఉంది. ఒకసారి ఎత్తు కొలిస్తే ఏమీ తెలియదు. ఎంత పెరిగిందన్నదే లెక్క. ఈ వయసులో ఏడాదికి నాలుగు సెంటీమీటర్ల కంటే తక్కువ పెరిగితే పిల్లల డాక్టరుకు చూపించాలి.

చెప్పులు విప్పించి, మడమలు ఆనించి ద్వారబంధానికి నిలబెట్టాను. నెత్తి మీద పుస్తకం ఆనించి పెన్సిలు గీత గీశాను. పక్కన తేదీ వేశాను. ఆరు నెలలకు మళ్ళీ కొలిచి ఉత్తరం రాయమన్నాను. టేపు పట్టుకున్నది ఆ కుర్రవాడే.